చామనచాయకు తగిన రంగుల ఫిల్ము

రంగుల ఫిల్మునకు మిక్కిలి కఠినమైన పరీక్ష మనుష్యుని ముఖము. ఆకాశము ఉన్నదానికంటె ముదురునీలముగా పడినను, వరిచేను లేతదనము కోల్పోయి మరింత పచ్చబడినను చూచువారు పట్టించుకొనరు సరిగదా, ఒక్కొక్కప్పుడు మెచ్చుకొందురు గూడ, కాని కన్నతల్లి చెంపమీద ఆకుపచ్చని నీడ పిసరంత ప్రాకినదా, ఛాయాగ్రహణశాస్త్రములో ఓనమాలైన నెరుగనివారు సైతము పటము చేతికందిన మరుక్షణమే "అమ్మకు ఒంట్లో బాగులేదా?" అని అడుగుదురు. మేనిచాయ మన స్మృతిలో అంత గాఢముగా నాటుకొనియున్నది. ఆ స్మృతియైనను యథార్థమునకు పూర్తిగా సరిపోవునది కాదు. మనుష్యచర్మము, గడ్డి, ఆకాశము వంటి సుపరిచితవస్తువుల విషయమున జనులు జ్ఞాపకముంచుకొను వర్ణమునకును, కొలతలో తేలు వర్ణమునకును భేదము కలదని సి. జె. బార్టిల్సన్ అను పరిశోధకుడు 1960లో ప్రకటించెను. కావున పోర్ట్రెయిట్ కొఱకు ఫిల్ము నెన్నుకొనువాడు ఎదుటనున్న ముఖమునకును, ఆ ముఖమును ప్రేమించువారి జ్ఞాపకమునకును ఒక్కసారిగా సమాధానము చెప్పుకొనవలసియున్నది.

చర్మమునకు వర్ణమెట్లు కలుగుచున్నదో తెలిసికొన్నచో ఈ కాఠిన్యమునకు కారణము బోధపడును. పైపొరలోని మెలనిన్ అను వర్ణద్రవ్యము నీలకాంతిని హెచ్చుగాను, ఆకుపచ్చనికాంతిని మధ్యమముగాను, ఎఱ్ఱనికాంతిని స్వల్పముగాను హరించును. దానికి దిగువను ప్రవహించు రక్తములోని హీమోగ్లోబిన్ 542, 577 నానోమీటర్ల సమీపమున, అనగా ఆకుపచ్చ పసుపుపచ్చల ప్రాంతమున, తన వంతు కాంతిని ప్రత్యేకముగా గ్రహించును. ఈ రెండింటిని దాటి వెలువడిన శేషకాంతియే మనము చూచు మేనిచాయ. ప్రపంచమునందలి నానాజాతులవారి చర్మములను పరికరములతో కొలిచి చూచినచో అవి యన్నియు ఎఱుపు పసుపుల నడుమనున్న యొక యిరుకైన పట్టీలోనే ఒదిగియుండును. పసిమి, చామన, నలుపు అని మనము పేరుపెట్టి పిలుచుకొను భేదములో అధికభాగము ప్రకాశములోని తారతమ్యమే. చామనచాయ ముఖమును చక్కగా చూపవలయునన్న ఫిల్ము చేయవలసిన పని యిందువలన స్పష్టమగుచున్నది: ఎఱుపు పసుపుల నడుమనున్న ఆ సున్నితమైన పాలును వెలుగులో ఎట్లు నిలుపునో, వెలుగు తగ్గిన నీడలో సైతము అట్లే చెదరకుండ నిలుపవలయును. అంగడిలోని ఫిల్ములలో ఎక్కువభాగము తప్పిపోవునది సరిగా ఈ నీడలయొద్దనే.

నలుపుతెలుపుల కాలములో సైతము మనవారి ముఖములకు ఈ యన్యాయము జరుగుచునే వచ్చినది. తొలినాటి ప్లేటులు ముఖ్యముగా నీలకాంతికే స్పందించెడివి. మెలనిన్ హెచ్చుగా హరించునదియు నీలకాంతియే గనుక, వాటిపై చామనచాయవారు నల్లగాను, నల్లనివారు మరింత నల్లగాను పడుట అనివార్యమయ్యెను. ప్లేటుపూతలో కొన్ని రంజకద్రవ్యములను కలిపినచో అది ఆకుపచ్చనికాంతిని గూడ గ్రహింపగలదని 1873లో హెర్మన్ ఫోగెల్ అను జర్మను శాస్త్రజ్ఞుడు కనుగొనెను గాని, ఎఱుపు వఱకు చూడగల పాంక్రొమాటిక్ ప్లేటులు 1906 నాటికి గాని విరివిగా అమ్మకమునకు రాలేదు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ 1905లోనే కీర్తిశేషుడయ్యెను. ఆయన తీసిన నవాబుల ముఖములలో నేటికిని మనలను నిలువరించు మార్దవము వెలుగును మలచిన ఆయన నేర్పువలన సిద్ధించినది. ఆ కాలపు ప్లేటు చేసిన సాయము స్వల్పము.

వర్ణఛాయాగ్రహణమునకు మూలసూత్రమును 1861లో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్ సభలో ప్రదర్శించెను. గళ్ల రిబ్బను నొకదానిని ఎఱుపు, ఆకుపచ్చ, నీలము వడపోతలగుండ వేర్వేరుగా ఫొటో తీయించి, ఆ మూడు బింబములను అవే వర్ణముల కాంతితో తెరపై నొకచోట కలిపి చూపగా, రంగుల రిబ్బను సభ్యుల కనుల యెదుట నిలిచెను. ఆ మూడు బింబములను మూడు ప్లేటులకు బదులు ఒక్క ఫిల్ముపై పొరలు పొరలుగా నిలుపు విద్య సిద్ధించుటకు మరి డెబ్బదియేండ్లకు పైగా పట్టినది. లియొపోల్డ్ మానెస్, లియొపోల్డ్ గొడావ్‌స్కీ అను ఇరువురు సంగీతవిద్వాంసులు కొడాక్ సంస్థ ప్రయోగశాలలో పనిచేసి 1935లో కొడాక్రోమ్‌ను లోకమునకు అందించిరి. వారిలో ఒకరు పియానో వాయించువారు, రెండవవారు వయొలిను వాయించువారు. గడియారము కనబడని చీకటిగదిలో వారు బ్రామ్స్ సింఫనీని ఈలవేయుచు కాలము లెక్కించుకొనెడివారని ప్రసిద్ధి. నాకు చాల యిష్టమైన కథ యిది. మరుసటియేట జర్మనీలో అగ్‌ఫా సంస్థవారు రంగు పుట్టించు ద్రవ్యములను ఫిల్ము పొరలలోనే యిమిడ్చి వేరొక మార్గము తెరచిరి. నేడు మనము కొను నెగటివు ఫిల్ములన్నియు ఈ రెండవ మార్గమునకు చెందినవే.

అట్టి నెగటివు ఫిల్మును అడ్డముగా కోసి సూక్ష్మదర్శినిక్రింద పరిశీలించినచో ముఖము దానిలో నెట్లు వ్రాయబడుచున్నదో చూడనగును. పొరలన్నియు కలిపినను వాటి మందము మిల్లీమీటరులో నూటికి రెండు మూడు వంతులు మాత్రమే. పైన నీలకాంతిని గ్రహించు పొర, దానిక్రింద మిగిలిన నీలమును అడ్డగించు పసుపుపచ్చని వడపోత, ఆ దిగువను ఆకుపచ్చను గ్రహించు పొర, అన్నిటికి అడుగున ఎఱుపును గ్రహించు పొర. వీటిలో ప్రతిదానిలోను వెలుగునకు స్పందించు సిల్వర్ హాలైడు పెద్దపలుకుల చురుకైన పొర యొకటి, సన్నపలుకుల మందమైన పొర యొకటి మరల ఉండును. 37.8 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమి గల డెవలపరులో 3 నిమిషముల 15 సెకండ్లు మునిగినప్పుడు, వెలుగు తాకినచోట్ల సిల్వర్ హాలైడు వెండిగా మారును. ఆ మార్పులో పుట్టిన ద్రవ్యము ప్రక్కనున్న కప్లరు అను రంగు పుట్టించు ద్రవ్యముతో కలిసి పై పొరలో పసుపును, నడిమిపొరలో మెజెంటాను, అడుగుపొరలో సయానును పుట్టించును. తరువాత వెండి యంతయు కడిగివేయబడి, రంగుల సూక్ష్మమేఘములు మాత్రము మిగులును. ముఖమున చెంపపైని వెలుగును చురుకైన పొరయు మందమైన పొరయు కలిసి వ్రాయును. కంటిగుంటలోని నీడను మాత్రము చురుకైన పొర యొక్కటే వ్రాయును. వెలుగు చాలనిచోట ఆ పెద్దపలుకులును విడివిడిగా, అక్కడొకటి యిక్కడొకటిగా మాత్రమే స్పందించును గనుక, తక్కువ వెలుగులో తీసిన పటములలో నల్లని ముఖములు ఇసుక చల్లినట్లు గరుకుగా కనబడును. సమృద్ధిగా వెలుగిచ్చినప్పుడో, మేఘములు ఒకదానిపై నొకటి పరచుకొని సందులు పూడిపోవును.

నెగటివుకు నారింజరంగు ఏల యని అడుగువారు చాలమంది కలరు. సయాను ద్రవ్యము ఎఱుపును మాత్రమే ఆపవలసియుండగా కొంత ఆకుపచ్చను, నీలమును గూడ ఆపును. మెజెంటా ద్రవ్యము కొంత నీలమును అదనముగా ఆపును. ఈ దోషము సరిదిద్దబడకున్నచో మొదట చెడునది చర్మవర్ణమే. కొడాక్ సంస్థకు చెందిన డబ్ల్యు. టి. హాన్సన్ 1940వ దశకములో దీనికి చక్కని ఉపాయము కనిపెట్టెను. కప్లరులకే తేలికపాటి రంగునిచ్చి, ద్రవ్యము పుట్టినచోట ఆ రంగు నశించునట్లు చేసినచో, దోషము ఒక్కచోట కుప్పపడక ఫిల్మంతట సమానముగా పరచుకొనును. కిరాణాకొట్టు యజమాని త్రాసుతట్టల హెచ్చుతగ్గులకు పాసంగము వేసి సరిచేసినట్లు, ప్రింటు వేయువాడు ఆ సమానమైన నారింజరంగును ఒక్కసారిగా తీసివేయగలుగును. స్లైడు ఫిల్మును మనము నేరుగా కంటితో చూతుము గనుక దానికి ఈ నారింజరంగు ముసుగు వేయుటకు వీలులేదు. ముఖముల విషయమున స్లైడుకంటె నెగటివే శ్రేష్ఠమని నేను చెప్పుటకు ఇది మొదటి కారణము.

రెండవ కారణము ఇంతకంటె బలమైనది. వెలుగు రెట్టింపగుటనో, సగమగుటనో ఒక స్టాపు అందురు. స్లైడు ఫిల్మునకు అర స్టాపు వెలుగు హెచ్చినచో నుదురు తెల్లబారును, అర స్టాపు తగ్గినచో కనుగొలకులు మసిబారును. నెగటివు ఫిల్ము రెండు మూడు స్టాపులు హెచ్చినను ఓర్చుకొనును. స్లైడుపై గొప్ప పోర్ట్రెయిట్ తీయుట అసాధ్యమని దీని యర్థము కాదు. పెషావరు సమీపమున నాసిర్ బాగ్ శరణార్థి శిబిరములో 1984లో స్టీవ్ మెకరీ తీసి, 1985 జూను నేషనల్ జియోగ్రాఫిక్ ముఖపత్రముగా ప్రపంచమంతట ప్రసిద్ధికెక్కిన పచ్చకన్నుల ఆఫ్ఘను బాలిక పటము కొడాక్రోమ్ స్లైడే. కాని ఆ డేరాలోని వెలుగు మృదువైనది, బాలిక చాయ పసిమి, ఛాయాగ్రాహకుడు ఆరితేరినవాడు. ఈ మూడును ఒకచోట కూడుట అరుదు. కొడాక్రోమ్ తయారియు 2009లోనే ఆగిపోయినది.

ఇక చెప్పవలసిన విషయమును తలచుకొన్నప్పుడెల్ల నాకు మనస్సు కలుక్కుమనును. 1950వ దశకమునుండి కొడాక్ సంస్థవారు రంగుల ప్రింటులు వేయు ల్యాబులకు, యంత్రములను సరిచూచుకొనుటకై, నిర్ణీతమైన పటము నొకదానిని పంపుచుండిరి. రంగురంగుల దుస్తులు ధరించిన శ్వేతజాతి యువతి చిత్రమది; తొలి పటములో నున్నది షర్లీ అను ఉద్యోగిని గనుక దానికి షర్లీ కార్డు అను పేరు స్థిరపడినది. ఆమె చెంప చక్కగా వచ్చినచో యంత్రము సరిగా నున్నదని తీర్మానము. ఆ చెంపతో సరిపోలని కోట్లాది ముఖములు ఎట్లు వచ్చినను అడుగువారు లేకపోయిరి. తెల్లని బాలురును నల్లని బాలురును కలిసి కూర్చున్న తరగతి ఫొటోలో తెల్లనివారు స్పష్టముగా రాగా నల్లనివారికి కన్నులును పలువరుసయు మాత్రమే మిగులుట సామాన్యమయ్యెను. కెనడాకు చెందిన లోర్నా రోత్ అను విదుషి 2009లో ప్రకటించిన వ్యాసములో బయటపెట్టిన విషయము మరింత ఆలోచింపజేయునది: ముదురు గోధుమవర్ణపు ఛాయాభేదములను ఫిల్ము పట్టలేకున్నదని సంస్థకు గట్టిగా తాకిన ఫిర్యాదులు చాక్లెట్లు తయారుచేయువారినుండియు, కొయ్యసామాను తయారుచేయువారినుండియు వచ్చినవట. వివిధ వర్ణముల స్త్రీలు కలిసియున్న కార్డులు 1990వ దశకమునకు గాని వెలువడలేదు. ఇది రసాయనశాస్త్రపు పరిమితి కాదని గమనింపవలయును. ఏ ముఖమును ప్రమాణముగా పెట్టుకొనవలయునన్న నిర్ణయము మనుష్యులది. ఆ నిర్ణయము మారిన పిమ్మట ఫిల్మును మారినది.

ఆ మార్పు ఫలితములు ఇప్పుడు మన చేతిలో నున్నవి. కొడాక్ సంస్థ 1998లో పోర్ట్రా అను శ్రేణిని విడుదల చేసినప్పుడు దానిలో సహజవర్ణముల కొకటి, గాఢవర్ణముల కొకటిగా రెండేసి రకము లుండెను. 2010, 2011లలో వాటిని కలిపి 400, 160 వేగముల ఫిల్ములుగా సంస్కరించిరి. వీటి కాంట్రాస్టు తక్కువ, ఎఱుపుల గాఢత నిగ్రహింపబడినది, నీడలలోని వర్ణము చెదరనిది. అందులకే చామనచాయకు నేను మొదట చెప్పునది పోర్ట్రా 400. 160 సన్నపలుకుది, అందమైనది. అయితే దానికి స్టూడియో ఫ్లాషో, పుష్కలమైన పగటివెలుగో కావలయును. అదే సంస్థవారి ఎక్టార్ 100 ప్రకృతిదృశ్యములకు ప్రశస్తమైనది గాని, మన ముఖములను ఇటుకరంగునకు ఈడ్చుకొనిపోవును. ఫ్యూజీ వెల్వియా స్లైడు అంతకంటెను తీవ్రమైనది. తక్కువ వెలలో దొరకు కొడాక్ గోల్డ్ 200ను చులకన చేయరాదు. దానిలోని పసిమి మొగ్గు మన చాయతో చక్కగా కలిసిపోవును. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు మాత్రము దానిని నమ్ముకొనుట మంచిది కాదు. ఫ్యూజీ 400హెచ్ చేతికందెడి రోజులలో దాని లేత పచ్చదనపు శాంతమును మెచ్చినవారు చాలమంది. 2021లో దాని యమ్మకము నిలిచిపోయినది.

ఫిల్మునకు అసలు సంకటము మన పెండ్లిపందిరిలో ఎదురగును. వధువు ముఖమున పసుపు, బుగ్గన చుక్క, నుదుట కుంకుమ, తలపై జీలకఱ్ఱ బెల్లము. ఇరువురి మేన ఎఱ్ఱంచు మధుపర్కములు. ఒక ప్రక్కనుండి వీడియోవారి హాలొజన్ దీపము, పైనుండి ట్యూబులైట్లు, వెనుకనుండి పందిరి సందులలోని పగటివెలుగు. తెల్లని నూలుబట్ట తనపై పడిన వెలుగులో నూటికి ఎనుబది వంతులకు పైగా తిరిగి పంపును. నల్లని వరుని ముఖము పది వంతులే పంపును. ఈ రెండింటి నడుమను మూడు స్టాపుల యంతరము. కెమెరాలోని మీటరు తాను చూచునదంతయు నూటికి 18 వంతుల బూడిదరంగని యెంచుకొనునది గనుక, పటము నిండ మధుపర్కములున్నప్పుడు అది మోసపోయి వెలుగును తగ్గించును. బట్ట బూడిదయగును, ముఖము చీకటిలో మునిగిపోవును. దీనికి తోడు హాలొజన్ దీపము 3200 కెల్విన్లది, ఫిల్ము 5500 కెల్విన్ల పగటివెలుగునకు సిద్ధపరచినది. పసుపు పూసిన చెంప ఆ దీపమువైపు నారింజపండగును. ట్యూబులైటులోని పాదరసము 546 నానోమీటర్లయొద్ద విడుచు ఆకుపచ్చనికాంతిని కన్ను సర్దుకొని విడిచిపెట్టును గాని ఫిల్ము విడిచిపెట్టదు. అది రెండవ చెంపమీదికి చేరును. ఈ ట్యూబులైటు బాధ నుపశమింపజేయుటకే ఫ్యూజీవారు 1989లో రియాలా అను ఫిల్ములో నాలుగవ వర్ణగ్రాహక పొర నమర్చిరి. ఇట్టి పందిరిలో నేను కోరుకొనునది 400 లేక 800 వేగపు మెత్తని నెగటివు ఫిల్మును, తెల్లని పైకప్పునకో గోడకో త్రిప్పి కొట్టిన ఫ్లాష్‌ను. ముఖముపై పడు వెలుగులో ఫ్లాష్ వంతు హెచ్చినకొలది తక్కిన దీపముల కలహము అణగిపోవును.

వెలుగును కొలుచు విషయమున ఒక్క నియమము చాలును: బట్టను కొలువవద్దు, ముఖమును కొలువుడు, ముఖములోను నీడపడిన చెంపనే కొలువుడు. చేతిమీటరున్నచో దానిని గడ్డము క్రింద నుంచి, 400 ఫిల్మును 200గా లెక్కించుకొని తీసినచో ఒక స్టాపు వెలుగు అదనముగా చేరును. నెగటివునకు దానివలన నష్టము లేదు. కంటిగుంటలలోను, జడమొదలున, దవడక్రిందను రంగు నిలుచును.

నల్లని ముఖమునకు రూపునిచ్చు వెలుగు వేరైనది. లేతచర్మముపై ముక్కును, దవడను, కనుబొమ్మను నీడలు దిద్దును. నల్లని చర్మముపై ఆ పని మెరుపు చేయును. వర్ణముతో నిమిత్తము లేకుండ ఏ చర్మమైనను తనపై పడిన వెలుగులో నూటికి నాలుగైదు వంతులు పైపొరనుండియే నేరుగా ప్రతిఫలింపజేయును. మొత్తము పది వంతులే తిరిగివచ్చు ముఖములో ఈ నాలుగైదు వంతులు ఎంత విలువైనవో ఊహించుకొనవచ్చును. మన పట్టణములలోని పాత స్టూడియోలలో అద్దము ప్రక్కన దువ్వెనతోపాటు పౌడరుడబ్బా తప్పక ఉండెడిది. ఆ పౌడరు చేసిన అపకారము నాకు స్పష్టముగా కనబడుచున్నది: మెరుపును చంపి, ముఖమును బల్లపరుపు చేసి, నల్లనివారిని బూడిదరంగువారిగా మార్చినది. పౌడరునకు మారుగా వెలుగును వెడల్పు చేయవలయును. పడమటిముఖపు వసారాలో, ఎదుట సున్నము కొట్టిన గోడ యున్నచోట, ఉదయము ఎనిమిది తొమ్మిది గంటలవేళ మనిషిని కూర్చుండబెట్టినచో, ఆ గోడ వెలుగు చెంపయెముకమీద పొడవైన మెత్తని మెరుపుగా నిలుచును. నీలాకాశము మాత్రమే వెలుగిచ్చు నీడలో కూర్చుండబెట్టవలసివచ్చినచో చర్మము నీలివారును గనుక లేత కాషాయపు వడపోత నొకదానిని కటకమునకు తొడుగుట మంచిది.

ఫిల్మును దాచుటలోను కొంత శ్రద్ధ వలయును. రోహిణీకార్తె యెండలో కారులో వదలివేసిన రోలు మూడు పొరలలోను మూడు విధములుగా ముసలిదగును; అప్పుడు నీడలలో తలయెత్తు వింతరంగులను ఏ ల్యాబువాడును పూర్తిగా తొలగింపలేడు. రిఫ్రిజిరేటరులో నుంచి, వాడుటకు రెండుమూడు గంటల ముందు వెలుపలికి తీసి, చల్లదనము తగ్గినపిమ్మటనే డబ్బా మూత తీయుడు. తొందరపడినచో చెమ్మ ఫిల్ముపై పేరుకొనును.

ఇంత శ్రమపడి తీసిన నెగటివు చివరకు ల్యాబులో చెడిపోవుట తఱచు. నెగటివులో చాయ యథార్థముగా నున్నను, స్కాను చేయువాడో, అతని యంత్రములోని సవరణ యేర్పాటో దానిని ఒకటి రెండు పాళ్లు తెల్లబరచి పంపును. అది ఉపకారమని వారి నమ్మకము. నలుపు నారాయణుడు మెచ్చునని చెప్పుకొను జాతికి ఈ ఉపకార మక్కరలేదు. నెగటివు అప్పగించునప్పుడే ముఖములను తెలుపు చేయవద్దని, మెరుపును మసకపరచవద్దని కాగితముమీద వ్రాసి యిండు. రోలు మొదటి ఫ్రేములో, మీరు ముఖమును తీయబోవు వెలుగులోనే, ఆ మనిషి చేతికి బూడిదరంగు అట్ట నిచ్చి పటము తీయుడు. ఆ బూడిదరంగును సరిచేసి, అదే లెక్కతో తక్కిన ఫ్రేములన్నియు వేయుమని ల్యాబువానితో చెప్పుడు.